డెంగీ వార్డులో ప్రోబ్ పట్టే ముందు

అమ్మలూ,

డెంగీ వార్డులో డ్యూటీ వేశారనీ, మంచం పక్కకే తీసుకెళ్లే చిన్న స్కానింగ్ మిషన్ ఒకటి ఉందనీ రాశావు. ముందు ఆ మిషన్‌కి పీసీపీఎన్‌డీటీ (కడుపులో బిడ్డ ఆడా మగా అని చూడటాన్ని నిషేధించే చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉందా, స్కాన్ చేసేవాళ్ల జాబితాలో నీ పేరు ఉందా కనుక్కో. అది తేలేదాకా దాని జోలికి పోకు.

బంధువులు పూటపూటా "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి డాక్టరమ్మా?" అనే అడుగుతారు. కానీ డెంగీలో మనిషి షాక్‌లోకి, అంటే ఒంటికి రక్తం సరిగా అందని స్థితిలోకి, జారేది ఎక్కువగా రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని నీటి భాగం) కారిపోవడం వల్ల. నువ్వు ప్రోబ్‌తో, అంటే ఒంటికి ఆనించే ఆ మిషన్ చేతిభాగంతో, వెతకాల్సింది ఆ కారిన నీటినే.

గాల్‌బ్లాడర్‌తో (పిత్తాశయం) మొదలుపెట్టు. దాని గోడ మామూలుగా 3 మిల్లీమీటర్లు దాటదు. లీకేజీ మొదలైతే ఉబ్బిపోయి చారలు చారలుగా కనిపిస్తుంది. పొట్టలో నీరు చేరకముందే ఈ గుర్తు బయటపడటం నేను చాలాసార్లు చూశాను. అయితే రోగి ఏమైనా తిన్నాడా అని అడుగు. తినగానే గాల్‌బ్లాడర్ ముడుచుకుపోతుంది, అప్పుడు గోడ మందంగానే ఉంటుంది. లివర్ జబ్బున్నా, గుండె ఫెయిల్యూర్ ఉన్నా అంతే. కొత్తలో నేను ఇలాంటి గోడ, దానికి తోడు కడుపునొప్పి చూసి కంగారుపడి అర్ధరాత్రి సర్జన్‌ని లేపాను. ఆయన వచ్చి "జ్వరం ఎన్నో రోజు?" అని ఒక్కమాట అడిగి వెళ్లిపోయాడు. అది ఆపరేషన్ కేసు కాదు, డెంగీ లీకేజీ అని అప్పుడు అర్థమైంది.

తర్వాత లివర్‌కీ కుడి కిడ్నీకీ మధ్య సందు, ఎడమవైపు స్ప్లీన్ పక్క, మూత్రాశయం వెనక చూడు. నీరు స్కాన్‌లో నల్లగా కనిపిస్తుంది, సన్నటి నల్లగీత ఉన్నా వదలకు. ఛాతీలో నీరు ఎక్కువగా ముందు కుడివైపే చేరుతుంది. తలవైపు మంచం కాస్త ఎత్తించి డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య పొర) పైన వెతుకు. కనిపించింది కదా అని సూది పెట్టి తీయబోకు. రక్తస్రావం అయితే ఆపడం కష్టం. చాలామందిలో ఆ నీరు దానంతటదే ఇంకిపోతుంది.

అసలు కిటుకు మాత్రం మళ్లీ మళ్లీ చూడటంలో ఉంది. సాధారణంగా 3 నుంచి 7 రోజుల మధ్య జ్వరం దిగుతుంది. ఇంటివాళ్లు హమ్మయ్య అనుకునే ఆ రోజునే లీకేజీ మొదలై 24 నుంచి 48 గంటలు నడుస్తుంది. ఒక కుర్రాడికి నాలుగో రోజు సాయంత్రం స్కాన్ చేశాను. ఎక్కడా చుక్క నీరు లేదు. కేస్‌షీట్‌లో 'నార్మల్' అని రాసి నిద్రపోయాను. తెల్లారేసరికి చేతులు చల్లబడిపోయి, బీపీ పై అంకెకీ కింది అంకెకీ తేడా పదిహేనుకు వచ్చింది. బతికాడు, కానీ ఆ రాత్రి ఇంకోసారి ప్రోబ్ పెట్టకపోవడం నా తప్పే. అప్పట్నుంచి 'నార్మల్' పక్కన టైమ్ కూడా వేస్తున్నాను. నువ్వూ వెయ్యి.

స్కాన్ శుభ్రంగా ఉన్నా ఆ తేడా 20 లేదా అంతకంటే తక్కువైతే షాక్ కిందే లెక్క. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మనిషి మగతగా ఉన్నా స్కాన్‌ని చూసి ధైర్యం తెచ్చుకోకు. ఐవీసీ (గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర) స్కాన్‌లో ఎలా ఉందన్నది ఒక్కదాన్నే నమ్మి సెలైన్ వేగం మార్చకు. నాడి, మూత్రం ఎంత వస్తోంది అన్నవి కూడా కలిపి చూడు.

లీకేజీ ఆగాక కారిన నీరంతా తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పుడు కూడా సెలైన్ అలాగే వదిలేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆయాసం మొదలయ్యేలోపే బీ-లైన్లు (ఊపిరితిత్తుల్లో నీటిని సూచించే తెల్లటి నిలువు గీతలు) స్కాన్‌లో కనిపించవచ్చు. కాబట్టి తేరుకున్నాడని చెప్పి ప్రోబ్ పక్కన పెట్టేయకు.

ఒక్కో మంచం దాటాక ప్రోబ్ తుడువు. జెల్ చల్లగా ఉంటుందని పిల్లలకి ముందే చెప్పు, లేకపోతే పొట్ట బిగబట్టేస్తారు, నీకు ఏమీ కనిపించదు.

ఆశీస్సులతో,
మామయ్య