నిరుటి క్రిస్మస్ బాకీ తీరకుండానే ఈ క్రిస్మస్‌కు అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మాది ఒంగోలు. మావారు చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్, నేను ప్రైవేటు బడిలో టీచర్. ఇద్దరి జీతం కలిపి నెలకు 41,000. అద్దె, పిల్లల ఫీజులు, ఇంటి ఖర్చులు పోగా 4,000 మిగులుతుంది. నిరుడు క్రిస్మస్‌కు బట్టలు, చెట్టు, లైట్లు, హైదరాబాదులో ఉన్న మా అక్క పిల్లలకు కానుకలు అన్నీ క్రెడిట్ కార్డు మీద కొన్నాం. 30,000 అయింది. నెలకు 1,500 చొప్పున పది నెలలు కట్టినా ఇంకా 26,850 బాకీ ఉందంటున్నారు. ఈసారి ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి ట్యాబ్ అడుగుతోంది. వడ్డీ లేని వాయిదాల మీద 18,000కు ఇస్తారట. పండగ తగ్గించుకుంటే మా చర్చి సంఘంలో చులకన అవుతామేమోనని దిగులుగా ఉంది. నా గొలుసు తాకట్టు పెట్టి 40,000 తెచ్చుకోమంటారా?

జవాబు: గొలుసు తాకట్టు పెట్టండమ్మా. అయితే పండగ కోసం కాదు, 40,000కూ కాదు. కార్డు మీద మిగిలిన 26,850 మొత్తాన్ని ఒక్కసారిగా తీర్చడానికి మాత్రమే.

మీరు పది నెలల్లో కట్టింది 15,000. అసలు తగ్గింది 3,150. మిగతా 11,850 ఎక్కడికి పోయిందో చెబుతాను. కార్డు బాకీ మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే మొదటి నెల 1,050. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మరో 189. మీ 1,500లో 1,239 వీటికే పోయి, అసలులోకి జమ అయింది 261 రూపాయలే. బిల్లు మీద 'కనీస చెల్లింపు' అని కనిపించే అంకెను చూసి, అది కడితే గండం గడిచినట్టే అనుకుంటాం. ఆలస్య రుసుము పడకుండా ఉండడానికే అది పనికివస్తుంది, వడ్డీ ఆగదు. పాత బాకీ ఉన్నంత కాలం ఆ కార్డు మీద కొత్తగా ఏది కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. కాబట్టి ఈ నెల నుంచే ఆ కార్డును పక్కన పెట్టండి.

ప్రభుత్వ రంగ బ్యాంకులో బంగారం మీద రుణానికి వడ్డీ ఏడాదికి 10 శాతం అటూఇటూగా ఉంటుంది. అదే బాకీకి నెల వడ్డీ 225 రూపాయలు దాటదు. కార్డు మీద ఇప్పుడు జీఎస్టీతో కలిపి 1,100 పైనే పోతోంది. జనవరి నుంచి నెలకు 2,500 కడితే వచ్చే డిసెంబరుకు గొలుసు ఇంటికి వస్తుంది. ఒక్క జాగ్రత్త: బంగారు రుణాల్లో చాలావాటికి ఏడాది చివర అసలూ వడ్డీ కలిపి ఒకేసారి కట్టే పద్ధతి ఉంటుంది. మీరు నెలనెలా వాయిదాల పద్ధతే అడగండి. అది కుదరకపోతే, మధ్యలో ఎప్పుడు కట్టినా అసలులోకి జమ చేసుకుంటామని వారు చెప్పాకే సంతకం పెట్టండి.

ఇక ట్యాబ్. 'సున్నా వడ్డీ' అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు రాసింది. వడ్డీ మరో పేరుతో కొనేవారి మీదే పడుతుంది: రొక్కం ఇచ్చేవారికి దొరికే తగ్గింపు మీకు దొరకదు, ప్రాసెసింగ్ రుసుము ఉంటుంది, వాయిదాలో దాగిన వడ్డీ భాగం మీద జీఎస్టీ ఉంటుంది. వీటన్నిటికన్నా ముఖ్యం, ఆరు నెలల వాయిదా అనుకున్నా నెలకు 3,000 అవుతుంది. మీకు మిగిలేదే 4,000. అప్పుడు గొలుసు ఎప్పటికి విడిపించుకుంటారు? ఈ ఏడాదికి ట్యాబ్ వద్దనే నా సలహా. అయితే అమ్మాయిని కసరకండి. నిరుటి కార్డు బిల్లు ఆమె ముందు పెట్టి, పైన రాసిన లెక్క ఆమె చేతే వేయించండి. పదమూడేళ్ల పిల్లకు శాతాలు తెలుసు. అమ్మానాన్నల జీతం ఎంతో, ఎక్కడికి పోతోందో పిల్లలకు చెప్పకుండా వాళ్ల కోరికలను మాత్రం తప్పుపట్టడం న్యాయం కాదు.

మీరు దుబారా మనిషి కాదు. ఈ పండగను కొనుగోళ్ల పండగగా మార్చడానికి వ్యాపారం ఏళ్ల తరబడి పనిచేసింది. అమెరికాలో 1939లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, దుకాణదారులు కోరారని, థాంక్స్ గివింగ్ పండగనే ఒక వారం ముందుకు జరిపారు. ఆ పండగ అయ్యాకే అక్కడ క్రిస్మస్ కొనుగోళ్లు ఊపందుకునేవి కాబట్టి, అమ్మకాలకు మరో వారం దొరుకుతుందని ఆ ఏర్పాటు. ఇప్పుడు డిసెంబరు రాకముందే మన ట్రంకు రోడ్డు దుకాణాల్లో నక్షత్రాలు వేలాడటం, ఫోనులో రోజూ తగ్గింపు ధరల సందేశాలు రావడం ఆ దారిలోవే. ఎంత ఖర్చు పెట్టాలో ఇంట్లో ముందే అనుకోకపోతే, ఆ అంకెను దుకాణమే నిర్ణయిస్తుంది.

సంఘంలో చులకన అవుతామన్నారు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన మాట అదే. ఒంగోలు సంఘం ఎలా పెరిగిందో మీకు నాకన్నా బాగా తెలిసి ఉంటుంది. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశాన్ని పీడించిన కరవులో, మిషనరీ జాన్ క్లో బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని చూపించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పలుగూ పారా పట్టి బతికిన ఆ మనుషుల నుంచి వచ్చిన సంఘంలో, కిందటేడు లైట్లే మళ్లీ కట్టారని, ఒక్క జత బట్టలే కుట్టించారని ఎవరైనా తక్కువగా చూస్తే, ఆ తప్పు మీది కాదు.

ఈ పండగకు మీ చేతిలో ఉన్నది నవంబరు, డిసెంబరు మిగులు కలిపి 8,000. కార్డు బాకీ తీరిపోతే 1,500 కట్టే పని ఉండదు కాబట్టి ఇదంతా మీదే. చెట్టు, లైట్లు, నక్షత్రం నిరుటివే ఉన్నాయి. క్రిస్మస్‌కు ఒక జత, జనవరి ఒకటికి మరో జత తీయడం చాలా ఇళ్లలో అలవాటు. ఈసారి నలుగురికీ ఒక్కో జతే తీయండి, 4,000 దాటనివ్వకండి. చర్చిలో ఇచ్చే కానుక సొమ్ము ఎంతన్నది మీ మనసుకు సంబంధించిన విషయం, అందులో నేను తలదూర్చను. కాకపోతే ఆ మొత్తాన్ని ముందే కవరులో పెట్టి విడిగా ఉంచండి. మిగిలినది విందుకూ, ఇరుగుపొరుగుకు పంచే అరిసెలకూ, చెక్కలకూ సరిపోతుంది. ఇంట్లో వండి పంచితే బేకరీ పెట్టెలకన్నా ఖర్చు తగ్గుతుంది.

మీ అక్కగారితో ఈ వారంలోనే ఫోనులో మాట్లాడండి. ఆమె పార్సిల్ పంపాక చెబితే ఇద్దరికీ కష్టంగా ఉంటుంది. "అక్కా, ఈ ఏడు మనం ఇచ్చిపుచ్చుకోవడాలు ఆపుదాం, పండగ సెలవుల్లో పిల్లలను తీసుకుని ఒంగోలు రా" అనండి చాలు. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్త యేల్ విశ్వవిద్యాలయ విద్యార్థులను అడిగి 1993లో ఒక లెక్క ప్రచురించారు. కానుకకు పెట్టిన డబ్బులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా, పుచ్చుకున్నవారి దృష్టిలో విలువ లేకుండా పోతోందని అందులో తేలింది. బహుశా మీ అక్కగారూ మీలాగే మొహమాటంతోనే పంపుతున్నారేమో, అడిగి చూడండి.

వచ్చే ఏటి పండగకు జనవరిలోనే మొదలుపెట్టాలి. గొలుసుకు 2,500 పోగా మిగిలే 1,500ను బ్యాంకులో తొమ్మిది నెలల రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. సెప్టెంబరు వాయిదాతో 13,500 అవుతుంది. అక్టోబరు, నవంబరు మిగులు కలిపితే 16,500, పైన కొంచెం వడ్డీ. పండగ కోసం ఏడాదంతా కొద్దికొద్దిగా దాచే ఇలాంటి ఖాతాలను పెన్సిల్వేనియాలో ఒక బ్యాంకు 1909లోనే 'క్రిస్మస్ క్లబ్' పేరుతో తెరిచింది. వీధిలో ఎవరో నడిపే పండగ చీటీలో మాత్రం చేరవద్దు. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరు కాని చీటీ నడిపేవారు సరిగ్గా డిసెంబరులో కనిపించకుండా పోతే, మీ దగ్గర ఏ కాగితమూ ఉండదు.

ముందుగా కార్డు ఇచ్చిన బ్యాంకుకు ఫోను చేసి, ఫలానా తేదీకి పూర్తిగా తీర్చాలంటే ఎంత కట్టాలో అడగండి. బిల్లులో కనిపించే అంకె మీద ఆ తేదీ దాకా వడ్డీ కలుస్తుంది. ఆ మొత్తానికే గొలుసు మీద రుణం తీసుకోండి. కట్టాక బాకీ లేదని ఉత్తరం అడిగి తీసుకోండి, కార్డు పరిమితిని 10,000కు తగ్గించమని కూడా అప్పుడే రాసివ్వండి.