చింతగింజల గంజి మీ అమ్మనే కాయమను

హనుమకొండ

బిడ్డా,

నిన్న ఫోన్లో నువ్వన్న మాట రాత్రి పడుకున్నాక కూడా నన్ను వదల్లేదు. హైదరాబాద్‌లో రెండు రోజులు చేర్యాల బొమ్మలు, అదే గుడ్డ మీద వేసే కథల పటాలు, నేర్చుకున్న సంతోషం ఆపుకోలేక మీ అమ్మకు కూడా ఒక కిట్ కొని కరీంనగర్ పట్టుకుపోయావు. ఆమె "మంచిగున్నది బిడ్డా" అని దాన్ని సజ్జ మీద పెట్టేసింది. "అమ్మకు ఇంట్రెస్ట్ లేదు పెద్దమ్మా" అని నువ్వు తేల్చేశావు. ఫోన్లో చెప్తే మధ్యలో "సరే సరే" అంటావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

నా చెల్లెకు ఇంట్రెస్ట్ లేకపోవడమేంటి? అరవై దాటిన మనిషి చేతిలో రంగుల డబ్బా, నంబర్లేసిన బ్రష్‌లు, ముందే గీతలు గీసిన గుడ్డ పెడితే అది పరీక్ష పేపరే. పాడైతే బిడ్డ ఏమనుకుంటుందో అని ఒక టెన్షన్, దీనికి ఎంత పెట్టి ఉంటుందో అని ఇంకొకటి. సజ్జ మీద పెడితే రెండూ తీరిపోతాయి. ఇదే తప్పు నేను మీ తాత దగ్గర చేశాను. అదీ ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగ్ చెప్పినదాన్ని అయ్యుండి.

మీ తాత చిన్నప్పుడు నూలు చీరలు, తర్వాత కొత్తవాడలో జంపఖానాలు నేసిన సంగతి నీకు తెలుసు. కంటి ఆపరేషన్ అయ్యాక మగ్గం మానేసి నా దగ్గరే ఉన్నాడు. పొద్దంతా అరుగు మీద కూర్చుని వచ్చేపోయే ఆటోలు లెక్కపెడుతుంటే చూడలేక కాగితం, క్రేయాన్లు ఇచ్చి పక్కనే కూర్చున్నాను. ఏనుగు గీశాడు. "బాపు, ముందుకాలు అట్ల వంగదే" అన్నాను. రబ్బరు తీసుకుని నేనే తుడిచి సరిచేశాను కూడా. ఆయన క్రేయాన్ కింద పెట్టి, "నీ బడి పిల్లలకు చెప్పుకో పో" అని లేచిపోయాడు. రెండు నెలలు మళ్లీ ముట్టలేదు.

పోనీ మంచి శిల్పాలు చూపిస్తే మనసు పుడుతుందేమోనని ఒక ఆదివారం రామప్పకు తీసుకుపోయాను. 2021లో యునెస్కో గుర్తింపు రాకముందు మాట, ఇంత జనం లేరు. 1213 నాటి గుడి, ఆ నల్లరాతి మదనికల, అదే నాట్యం చేసే ఆడవాళ్ల శిల్పాల, నగిషీ గురించి నేను పాఠం చెప్పుకుంటూ తిరిగాను. వెనక్కి చూస్తే ఆయన చెట్టు కింద తువ్వాల పరుచుకుని గుర్రు పెడుతున్నాడు.

తర్వాత జరిగింది నా తెలివి వల్ల కాదు. చేర్యాల పద్ధతిలో ఒక పటం వేద్దామని నేనే ఇంట్లో గుడ్డ తయారు చేసుకుంటున్నాను. నీకు తయారైన గుడ్డ ఇచ్చారు కాబట్టి ఆ కష్టం తెలియదు. ఖద్దరు గుడ్డకు చింతగింజల గంజి, సుద్దమన్ను, తుమ్మజిగురు కలిపి పూత పూయాలి. ఆరాక మళ్లీ పూయాలి, మళ్లీ ఆరాలి, మూడోసారి పూయాలి. నా గంజి మొత్తం ఉండలు కట్టింది. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో, "అట్లనా కలిపేది? మగ్గం మీది పడుగు నూలుకు గిట్ల గంజి పెడితే ఒక్క పోగు మిగలదు" అని గరిటె లాక్కున్నాడు. పొయ్యి తగ్గించి, చల్లనీళ్లు చిలకరించి, రెండు వేళ్ల మధ్య సాగదీసి చూసి, "ఇగో, ఇప్పుడైంది" అన్నాడు. ఆ రోజు నుంచి గుడ్డ ఆయన పని. అది ఆరిందో లేదో చూడడానికి నన్ను దగ్గరకు రానిచ్చేవాడు కాదు.

అసలు పండగ తర్వాత మొదలైంది. ఏం బొమ్మ వేస్తున్నావని అడిగాడు. మన నేతగాళ్ల మూలపురుషుడు భావనారుషి కథ అన్నాను. అంతే, చిన్నప్పుడు మన పద్మశాలి వాడకు మనకు కథలు పాడే కూనపులి వాళ్లు పటం పట్టుకుని వచ్చిన రాత్రులన్నీ బయటికొచ్చాయి. పటం మెల్లగా విప్పుకుంటూ, ఒక్కో బొమ్మ మీద కర్ర పెట్టి పాడేవాళ్లట. మార్కండేయుడి యజ్ఞం, అందులోంచి పుట్టిన భావనారుషి, తామరతూడు నూలుతో దేవతలకు బట్ట నేయడం, పులి మీద స్వారీ... పులి వచ్చే ఘట్టానికి పిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్లట. నాకు యాభై ఏళ్లొచ్చేదాకా ఒక్క ముక్క చెప్పలేదు ఆయన. నేను అడగలేదు కూడా అనుకో.

మగ్గం దగ్గర నేసేవాణ్ని మఠం వేసుకుని కూర్చున్నట్టు గీశాను. మీ తాత పగలబడి నవ్వాడు. "కాళ్లు మడుచుకుంటే తొక్కుడు పలకలు ఎవరు తొక్కుతరే? గుంట ఏది?" అని నా చేతిలోంచి బ్రష్ తీసుకుని, గుంట మగ్గం, గుంటలోకి దిగిన కాళ్లు, కుడిచేతి కింద అడ్డపోగు తోసే నాడె, అన్నీ తానే గీశాడు. గీత వణికింది. ఈసారి నేను రబ్బరు జోలికి పోలేదు. నేసినవాడు గీసిన మగ్గానికి డ్రాయింగ్ టీచర్ మార్కులు వేస్తుందా?

ఇప్పుడు మీ అమ్మ సంగతి. ఆమెకు బొమ్మలు రావని ఎవరన్నారు? ఇరవై ఒక్క చుక్కల తిప్పుడు ముగ్గు లెక్కపెట్టకుండా వేస్తుంది. సద్దుల బతుకమ్మ నాడు గునుగుకు ఏ రంగు అద్దాలో, తంగేడు ఏ వరసలో రావాలో ఆమె చెప్పిందే మా ఇంట్లో శాసనం. చీరలకు గంజి పెట్టడంలో నేను ఆమె కాలిగోటికి సరిపోను. కాబట్టి ఆ కిట్‌ను సజ్జ మీదే ఉండనీ. నువ్వు వేసే బొమ్మకు సాయం కావాలని పిలువు. ఊరికే నటించకు, పట్టేస్తుంది. గుడ్డ నిజంగానే నీకు రాదు కదా, అక్కడి నుంచి మొదలుపెట్టు.

చింతగింజలు వేయించి, పొట్టు తీసి, రాత్రి నానబెట్టి రుబ్బాలి. పూటకు సరిపడానే కాయండి, మర్నాటికి వాసన పడుతుంది. పూత పలచగా ఉండాలి, మందంగా పూస్తే గుడ్డ చుట్టినప్పుడు పగులుతుంది. కింద కూర్చోమనకు, మోకాళ్లు గుర్తుంచుకో. కిటికీ పక్కన ఎత్తు సరిపోయే బల్ల వెయ్యి. భోజనమై, చాయ్ పెట్టడానికి ముందు ఒక గంట చాలు.

బొమ్మల వెనక నేల ఎరుపు, దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు అని నీకు నేర్పే ఉంటారు. మీ అమ్మ లక్ష్మికి ఆకుపచ్చ వేస్తానంటే వెయ్యనివ్వు. అంగడికి పోయే పటం కాదు కదా అది. గీతలన్నీ నువ్వు గీసి, రంగు నింపడం మాత్రం ఆమెకు వదలకు. చిన్నపిల్లలకు ఇచ్చే పని అది, ఆమెకు వెంటనే తెలిసిపోతుంది. బొమ్మలకు కళ్లు మాత్రం ఎవరు పెట్టాలో ముందే మాట్లాడుకోండి. నేనూ మీ తాతా దాని మీద గొడవపడి ఒక పూట మాటలే మానేశాం.

ఇంకొకటి, ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టకు. మీ తాత పులి బొమ్మ నేను పెట్టాను. సాయంత్రానికి నలభై దండాలు, చప్పట్లు వచ్చాయి. మర్నాడు ఆయన ఇంకో పులి గీయాలంటే చెయ్యి ఆడలేదు. "అందరూ చూస్తరు కదా" అన్నాడు. మళ్లీ బ్రష్ పట్టడానికి వారం పట్టింది. ఇది మతిమరుపు రాకుండా ఉండడానికి మంచిదట అని కూడా అనకు. మందుబిళ్లలు ఆమెకు ఇప్పటికే చాలా ఉన్నాయి.

కథ ఏదని ఆమెనే అడుగు. మా అమ్మమ్మ ఊరి చెరువు, అలుగు దుంకిన సంవత్సరం, ఆ రాత్రి మేమిద్దరం గుడి మెట్ల మీద పడుకున్నది... ఆమెకు నాకంటే బాగా గుర్తు. నాకు తెలియంది ఏదైనా చెప్పిందంటే ఫోన్ చెయ్యి.

నా దగ్గర కిలో చింతగింజలు డబ్బాలో ఉన్నాయి. ఈ ఆదివారం కరీంనగర్ వస్తున్న మీ అన్న చేత పంపిస్తాను. గంజి కాయడానికి మాత్రం పాత గిన్నె వెతుక్కో. మంచి గిన్నె అడుగంటిందంటే మీ అమ్మ బొమ్మ సంగతి పక్కన పెట్టి, ఫోన్ చేసి నన్ను తిడుతుంది.

మీ పెద్దమ్మ