మైండ్‌ఫుల్‌నెస్ అంటే ఆలోచనలే రాకుండా చేసుకోవడమా?

కాదు, మనసు పక్కకు పోయిందని గమనించి, చేస్తున్న పని మీదికి దాన్ని మళ్లీ తెచ్చుకోవడమే మైండ్‌ఫుల్‌నెస్. అలవాటైన పనికి పెద్దగా శ్రద్ధ అక్కర్లేదు కాబట్టి చేతులు పనిలో ఉండగానే మనసు నిన్నటి గొడవకో రేపటి ఈఎంఐకో వెళ్లిపోతుంది.

అంట్లు తోమేటప్పుడు చూడండి: నీళ్ల చల్లదనం, వేళ్లకు తగిలే జిడ్డు, అడుగంటిన పాలగిన్నెను పీచు గీకే చప్పుడు. మధ్యలో ఆఫీసు టెన్షన్ గుర్తొస్తుంది (రాకపోతేనే వింత). తిట్టుకోకుండా మళ్లీ గిన్నె దగ్గరికి రండి. ఆ తిరిగి రావడమే సాధన.

పదిసార్లు మనసు పారిపోతే ‘నాకిది రాదు’ అని చాలామంది మానేస్తారు. అది పొరపాటు, పదిసార్లు గమనించారంటే పదిసార్లు సాధన జరిగినట్టే. పద్మాసనమూ తప్పనిసరి కాదు. జాన్ కబాట్-జిన్ అనే ప్రొఫెసర్ 1979లో అమెరికాలో మొదలుపెట్టిన 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సులో తొలి అభ్యాసం ఒక ఎండుద్రాక్షను నిదానంగా తినడమే.