ఎబెరాన్ లోకాన్ని తెలుసుకోవడానికి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

పాత్రలుగా మారి కథను నడుపుతూ ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆట ఐదవ ఎడిషన్ ఆడేవారు, ఆ ఆట కోసం సృష్టించిన కల్పిత లోకమైన ఎబెరాన్‌ను తెలుసుకోవాలంటే, 2019లో వచ్చిన ‘రైజింగ్ ఫ్రమ్ ది లాస్ట్ వార్’తో మొదలుపెట్టడం మేలు, నియమాలూ లోకవర్ణనా రెండూ అందులోనే దొరుకుతాయి. అయితే వర్ణన కోసమైతే నేను 2004 నాటి ‘ఎబెరాన్ క్యాంపెయిన్ సెట్టింగ్’నే ముందు చదవమంటాను. ఎడిషన్లు మారినా ప్రచురణకర్తలు ఈ లోకపు కాలాన్ని ముందుకు జరపక, ఆ లోకపు లెక్కలో 998వ సంవత్సరాన్నే ఆటకు ఆరంభంగా ఉంచారు కనుక, పాత పుస్తకంలోని 3.5 ఎడిషన్ నియమాలను వదిలేసి, రాజ్యాల చరిత్రను, డ్రాగన్‌మార్క్ (మాయాశక్తినిచ్చే గుర్తు) వారసత్వంగా వచ్చే వంశాల వివరాలను నిశ్చింతగా వాడుకోవచ్చు. కథంతా షార్న్ నగరంలోనే నడిపేవారు అదనంగా ‘షార్న్: సిటీ ఆఫ్ టవర్స్’ తీసుకుంటే చాలు. సైర్ రాజ్యాన్ని నాశనం చేసిన ‘మౌర్నింగ్’ అనే విపత్తుకు కారణమేమిటని మాత్రం పుస్తకాల్లో వెతకనక్కరలేదు, దానిని కావాలనే ఆట నడిపేవారి ఊహకు వదిలేశారు.