మందం సరిపోయినా లేజర్ ఎందుకు వద్దన్నారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయికి 22 ఏళ్లు. రెండు కళ్లకూ మైనస్ 6 పవర్. కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మందం 510 మైక్రాన్లుంది, కళ్లజోడు అక్కర్లేకుండా చేసే లేజర్‌కి చాలుతుందన్నారు. తీరా స్కాన్‌ని కృత్రిమ మేధతో చూసి అనుమానంగా ఉంది, వద్దన్నారు. మిషన్ మాట నమ్మాలా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: ప్రస్తుతానికి ఆగండమ్మా. మందం లెక్కలో తప్పేమీ లేదు. లేజర్ కోసం పైకి లేపే పలుచని పొరకి (ఫ్లాప్) 110, ఒక్కో పవర్‌కి సుమారు 15 చొప్పున 90, మొత్తం 200 పోతే 310 మైక్రాన్లు మిగులుతాయి. కొత్తలో నేనూ ఈ తీసివేతలు కాగితం మీదే చేసేదాన్ని. కానీ ఆకారం ఈ లెక్కకు అందదు. కార్నియా వెనకవైపు రవ్వంత ఉబ్బినా అది కెరటోకోనస్‌కి, అంటే కార్నియా పలచబడి శంకువులా ముందుకొచ్చే జబ్బుకి, తొలి గుర్తు కావచ్చు. అలాంటి కంటికి లేజర్ చేస్తే కార్నియా ఇంకా బలహీనపడి ముందుకు పొడుచుకురావచ్చు. అప్పుడు కళ్లజోడు పెట్టినా చూపు సరిగా ఆనదు. నాకు అన్నిటికన్నా భయం దాని గురించే.

మీరన్న కృత్రిమ మేధ, అంటే ఎన్నో కళ్ల స్కాన్లతో నేర్పిన ప్రోగ్రామ్, కార్నియా వంపులు, మందం తగ్గే తీరు, కొన్నిటిలో గాలి ఊదితే కార్నియా ఎంత లొంగుతుందో కూడా కలిపి ఈ జబ్బు అనుమానం ఎంతో స్కోరు ఇస్తుంది. నిర్ణయం మాత్రం డాక్టరుదే.

స్కాన్‌కి ముందు అమ్మాయి కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుందా? సాఫ్ట్ లెన్సులైతే రెండు వారాలు మానేసి మళ్లీ తీయించండి. కళ్లు నులుముకునే అలవాటుంటే ఇవాళే మాన్పించండి. అనుమానం అప్పటికీ తీరకపోతే, కార్నియాని చెక్కకుండా కంటి లోపల అమర్చే లెన్సు సరిపడుతుందేమో అడగండి.