పాఠకుల ప్రశ్నలు: కార్ల్‌ష్టెయిన్ కోట

ప్రశ్న: ప్రాగ్‌లో మూడు రోజులు ఉంటాం. కార్ల్‌ష్టెయిన్ ఒక్క పూటలో చూసి రావచ్చా? మాతో డెబ్బై దాటిన అమ్మ కూడా వస్తున్నారు.

జవాబు: పొద్దున్నే బయల్దేరితే రావచ్చు. ప్రాగ్ ప్రధాన స్టేషన్లో బెరౌన్ వైపు వెళ్లే ఎస్7 లోకల్ రైలు ఎక్కండి. ప్రయాణం సుమారు 40 నిమిషాలు. ప్రాగ్ నగరం వరకే చెల్లే టికెట్ ఇక్కడికి సరిపోదు, బయటి జోన్లకు అదనంగా తీసుకోవాలి. తనిఖీలో చాలామంది దొరికేది ఇక్కడే.

స్టేషన్ బెరౌన్కా నదికి ఒక ఒడ్డున, కోట రెండో ఒడ్డున ఉంటాయి. వంతెన దాటి, దుకాణాల వీధి వెంట దాదాపు రెండు కిలోమీటర్లు నడవాలి. చివరికి వచ్చేసరికి బాగా ఎక్కుడు. కారులో వెళ్లినా కింద పార్కింగ్‌లోనే ఆపాలి. టూర్ సమయానికి గంటన్నర ముందే ప్రాగ్‌లో రైలెక్కితే పరుగులు పెట్టక్కర్లేదు, అమ్మగారు ఉన్నారు కాబట్టి రెండు గంటలు అనుకోండి. పైకి చేరాక కూడా మెట్లు తప్పవని ఆమెకు ముందే చెప్పండి. వేసవి రద్దీ నెలలు తప్పిస్తే సోమవారం సెలవు.

ప్రశ్న: టికెట్లు రకరకాలుగా ఉన్నాయి. ఏది కొనాలి?

జవాబు: గైడు లేకుండా లోపలి గదుల్లోకి పంపరు, కాబట్టి టికెట్ అంటే ఏ టూర్ అన్నదే. మామూలు టూర్‌లో చక్రవర్తి నివాస భవనం చూపిస్తారు. బాగానే ఉంటుంది, కానీ కోట అసలు సంగతి అది కాదు. బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని పాత రాజ్యం) రాజు, తర్వాత పవిత్ర రోమన్ చక్రవర్తి అయిన నాలుగో చార్లెస్ 1348లో ఈ కోటకు పునాది వేయించాడు. కిరీటం వంటి సామ్రాజ్య రాజచిహ్నాలను, క్రైస్తవులు పవిత్రంగా భావించే అవశేషాలను ఇక్కడే భద్రపరిచారు. అందుకే కొండ ఎక్కేకొద్దీ కట్టడాల పవిత్రత పెరుగుతుంది: కింద బావి బురుజు, ఆపైన రాజభవనం, ఇంకా పైన మేరీ మాత బురుజు, అన్నిటికన్నా ఎత్తున మహా బురుజు. హోలీ క్రాస్ ప్రార్థనాలయం ఉన్నది ఈ మహా బురుజులోనే.

1365లో ప్రతిష్ఠ జరిగిన ఆ గదిలో థియోడోరిక్ అనే చిత్రకారుడు చెక్క పలకల మీద గీసిన వందకు పైగా చిత్రాలున్నాయి. గోడల్లో జాస్పర్, అమెథిస్ట్ రాళ్లు పొదిగారు, పైకప్పుకు బంగారు పూత. జనం ఊపిరిలోని తేమ ఆ చిత్రాలకు చేటు. అందుకని చిన్న చిన్న బృందాలనే, అదీ సాధారణంగా మే నుంచి అక్టోబరు వరకే లోపలికి వదులుతారు. గేటు దగ్గరికి వెళ్లి అడిగితే టికెట్ దొరుకుతుందనుకోవద్దు. తేదీ ఖాయం కాగానే కోట అధికారిక వెబ్‌సైట్‌లో, టూర్ పేరులో ‘ప్రార్థనాలయం’ ఉందో లేదో చూసుకుని మరీ బుక్ చేయండి. మహా బురుజు పేరుతో ఉన్న టూర్ వేరు, దాన్ని చూసి పొరబడకండి.

ప్రశ్న: అంత ఎత్తున కోటకు నీళ్లెలా?

జవాబు: బావి తవ్వారు, లోతు సుమారు 78 మీటర్లు. అయినా ఊట పడలేదు. దగ్గర్లోని వాగు నుంచి భూగర్భ కాలువ తవ్వి నీళ్లను బావిలోకి మళ్లించారు. మనుషులు లోపల నిలబడి తొక్కే పెద్ద చక్రంతో పైకి తోడేవారు. ముట్టడిలో శత్రువుకు ఆ కాలువ జాడ తెలిస్తే కోట పని అయిపోయినట్టే. 1422లో హుస్సైట్లు (చెక్ మత సంస్కర్త యాన్ హుస్ అనుచరులు) నెలల తరబడి చుట్టుముట్టినా కోట లొంగలేదు.

ప్రశ్న: ఇప్పుడు కనిపించేదంతా 14వ శతాబ్దపు కట్టడమేనా?

జవాబు: కాదు. 19వ శతాబ్దం చివర్లో వాస్తుశిల్పి యోసెఫ్ మోకర్ పర్యవేక్షణలో భారీగా పునరుద్ధరించారు. ఫొటోల్లో ఆకట్టుకునే ఆ నిటారు పైకప్పుల రూపం చాలావరకు ఆయన చలవే.

ప్రశ్న: బొహీమియా కిరీటం అక్కడే ఉందా?

జవాబు: నకలు మాత్రమే ఉంది. అసలుది 1619 దాకా ఇక్కడ ఉండేది. ఇప్పుడు ప్రాగ్‌లోని సెయింట్ వైటస్ కెథెడ్రల్‌లో ఏడు తాళాల వెనక ఉంది. ఏడు తాళంచెవులు ఏడుగురి దగ్గర ఉంటాయి, అరుదైన సందర్భాల్లో తప్ప బయటికి తీయరు.