జర్మన్ క్లాస్ ఫ్రెండ్స్‌తో ఊరు తిరిగితే జర్మన్ తప్ప అన్నీ మాట్లాడాం!

ప్రశ్న: అక్కా, నేను బెర్లిన్‌లో జర్మన్ నేర్చుకుంటున్నా, ఏ2 (అంటే రెండో మెట్టు) నడుస్తోంది. మొన్న శనివారం క్లాస్‌వాళ్లం ఐదుగురం కలిసి ఊరంతా తిరిగాం, బ్రెజిల్ అమ్మాయి, కొరియా అబ్బాయి, టర్కీ వాళ్లిద్దరు, నేను. బాగా ఎంజాయ్ చేశాం కానీ రాత్రి రూముకొచ్చి చూసుకుంటే పొద్దున్నుంచి నా నోట్లోంచి వచ్చిన జర్మన్ "డాంకె", అంటే థాంక్స్, ఒక్కటే, మిగతాదంతా ఇంగ్లీషే. వచ్చే శనివారం మళ్లీ రమ్మంటున్నారు, వెళ్లనా మాననా?

జవాబు: వెళ్లు తల్లీ, మానేసి రూములో కూర్చుంటే మాత్రం ఎవరితో మాట్లాడతావ్? ఐదుగురికీ కామన్‌గా వచ్చింది ఇంగ్లీషు కాబట్టి అటే జారిపోతారు, అది ఎవరి తప్పూ కాదు. "ఈ రోజంతా జర్మనే" అని రూల్ మాత్రం పెట్టుకోకండి, మేమూ పెట్టుకున్నాం ఒకప్పుడు, పావుగంటకల్లా అందరి నోళ్లూ మూతపడ్డాయి. మీలో మీరు ఏ భాషైనా మాట్లాడుకోండి, ఊరివాళ్లతో మాత్రం జర్మన్‌లోనే. దారి అడిగేది ఒకరు, టికెట్ సంగతి ఒకరు, ఆర్డర్ ఇచ్చేది ఒకరు అని పొద్దున్నే పంచేసుకోండి, తడబడుతుంటే పక్కవాళ్లు అందించకూడదు. నీ యాస వినగానే అవతలివాళ్లు ఇంగ్లీషులోకి మారిపోతారు, సాయం చేద్దామనే పాపం, అప్పుడు "ఇష్ లెర్నె డోయిచ్", అంటే నేను జర్మన్ నేర్చుకుంటున్నా, అన్నావంటే చాలామంది నవ్వి మళ్లీ జర్మన్‌లోకి వస్తారు. తెలియనివాళ్లని "జీ" అనాలి, క్లాస్‌మేట్స్‌ని "డు" అనొచ్చు, మీరు-నువ్వు తేడా మనకి పుట్టుకతో వచ్చిందే కదా.

నా సంగతి ఒకటి చెప్తా విను. అలెగ్జాండర్‌ప్లాట్స్‌లో ప్రపంచ గడియారం ఉంది చూశావా, 1969లో పెట్టింది, ఎవరు కలుసుకోవాలన్నా అక్కడే. ఒకరోజు క్లాస్‌మేట్ ఫోన్ చేసి "హాల్బ్ డ్రై"కి అక్కడికి రా అంది. హాల్బ్ అంటే సగం, డ్రై అంటే మూడు, ఇంకేముంది మూడున్నర అనుకుని ఐదు నిమిషాల ముందే వెళ్లి నిలబడ్డా, ఎంత గర్వమో అంత ముందు వచ్చినందుకు. ఎవరూ లేరు! వాళ్లు రెండున్నరకి వచ్చి, చూసి చూసి వెళ్లిపోయారట, ఎందుకంటే జర్మన్‌లో అది మూడో గంటలో సగం అయిందని లెక్క. అన్ని దేశాల టైమూ చూపించే గడియారం కింద నిలబడి నేను తప్పింది అరగంటా కాదు, నిండా గంట. క్లాసులో ఈ హాల్బ్ రెండుసార్లు చెప్పారు, ఎక్కలేదు, ఆ రోజు ఎక్కింది.

ఈసారి జూ స్టేషన్ దగ్గర 100 నంబర్ బస్సెక్కి పైఅంతస్తులో ముందు సీటు పట్టండి, అలెగ్జాండర్‌ప్లాట్స్ దాకా పెద్ద పెద్ద భవనాలన్నీ దారిలోనే కనిపిస్తాయి. మధ్యాహ్నం నోర్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్‌కి వెళ్లండి, 1961లో బెర్లిన్ గోడ కట్టాక తూర్పు బెర్లిన్ కింద కొన్ని స్టేషన్లు మూసేశారు, పడమటి వైపు రైళ్లు వాటిల్లో ఆగకుండా పోయేవి, అందుకే వాటిని గైస్టర్‌బాన్‌హోఫ్ అంటారు, అంటే దెయ్యాల స్టేషన్. ఆ బొమ్మలూ వివరాలూ అక్కడే పెట్టారు. బోర్డుల మీద ఇంగ్లీషు కూడా ఉంటుంది, దాన్ని చేత్తో మూసేసి ముందు జర్మన్ చదవండి. పెద్ద మాట చూసి భయపడొద్దు, మన సమాసంలాగే విడగొట్టుకోవాలి. షీనెన్‌ఎర్జాట్స్‌ఫెర్కేర్ అని స్టేషన్లో కనిపిస్తే పట్టాలు, బదులు, రాకపోకలు, అంటే రైలు లేదు బస్సెక్కమని. ఇది గేమ్‌లా ఆడితే కొరియా అబ్బాయి గెలుస్తాడో నువ్వో చూడాలి.

ప్రశ్న: నాకు మాట్లాడాలంటే బాగా సిగ్గు. ఊరికే వింటూ తిరిగితే చాలదా?

జవాబు: మొదటి వారం చాలు. మెట్రోలో తలుపులు మూసేముందు "త్సురుక్‌బ్లైబెన్ బిట్టె" అంటారు, వెనక్కి ఉండండి అని, రోజుకి పదిసార్లు వింటావు కాబట్టి అదైతే తప్పులేకుండా వచ్చేస్తుంది. కానీ ఆ ముక్క నువ్వు ఎవరితో అంటావమ్మా? రెండో వారం బేకరీలో ఒక్క రొట్టె అడుగు, వేలుతో చూపించకుండా.